ఎడమ రెక్కలో అతుకు

హారిసన్, కాన్‌బెర్రా
2024 జూన్ 16, ఆదివారం

అక్కా,

ఫోన్‌లో నేను అరవడం, నువ్వు "ఆఁ? ఏంటీ?" అనడం, మధ్యలో సెరీనా వచ్చి "మమ్మీ, గివ్ ఇట్ టు మీ" అని లాక్కోవడం, ఇదంతా మనకొద్దులే. చెవి మెషీన్ పెట్టుకుంటే ఫోన్ ఈల వేస్తుందన్నావు. ఉత్తరం రాయరా, తెలుగక్షరం చూసి ఎన్నాళ్ళయిందో అన్నావు. సరే, ఇదిగో. ఇన్నేళ్ళు బస్సు స్టీరింగ్ తిప్పిన చెయ్యి, పెన్ను పట్టుకుంటే మాట వినడం లేదు.

శనివారాలు ఆ షెడ్డులో ఏం చేస్తావురా అని అడిగావు కదా. విమానం చేస్తున్నానక్కా. నవ్వకు. చెక్క విమానం. పేరు మస్కిటో, అంటే దోమే. రెండో ప్రపంచ యుద్ధంలోది. అప్పుడు అల్యూమినియంకి కరువొచ్చింది గానీ వడ్రంగులకి కరువు లేదు. కుర్చీలు, పియానోలు చేసుకునేవాళ్ళ చేత ఇంగ్లండులో దీన్ని చేయించారు. తుపాకీ లేని బాంబర్ ఏంటి, మతిపోయిందా అని పైవాళ్ళు మొదట వద్దన్నారట. తుపాకుల బరువు తీసేస్తే ఎవడూ అందుకోలేనంత జోరుగా పోతుంది, ఇంక తుపాకులెందుకు అన్నాడట బొమ్మ గీసినాయన. తీరా ఎగిరాక అందరికీ అదే కావాల్సొచ్చింది. బాంబులు వెయ్యడానికి అదే. తుపాకులు తగిలించి చీకట్లో శత్రువుని వేటాడ్డానికి అదే. ఓడల మీద రాకెట్లు వదలడానికి అదే. బాంబులు పెట్టే గదిలో మనిషిని పడుకోబెట్టి దేశం దాటించడానికీ అదే.

ఇక్కడ సిడ్నీలో కూడా రెండొందల పైచిలుకు కట్టారు. మాది ఫొటోలు తీసే రకం. యుద్ధం అయ్యాక కూడా మ్యాపుల కోసం ఈ దేశాన్నంతా పైనుంచి ఫొటోలు తీసిన జాతి.

షెడ్డు కాలిన్‌ది. గౌల్‌బర్న్ వెళ్ళే రోడ్డులో, మా ఇంటికి యాభై నిమిషాలు. ఆయనకి ఎనభై ఎనిమిదేళ్ళు. వాళ్ళమ్మ యుద్ధంలో ఈ విమానాల రెక్కలకి జిగురు పూసేదట. ఇంటికొస్తే ఒంటినిండా విరిగిన పాల వాసనట, ఆ రోజుల్లో జిగురు పాలతో చేసేవాళ్ళట. వాళ్ళమ్మ చేసినటువంటిది ఒకటి గాల్లో చూడాలని పద్నాలుగేళ్ళుగా కడుతున్నాడు. నేను చేరి ఆరేళ్ళు. నాన్న తాళ్ళరేవులో పడవలు కట్టేవాడని చెప్తే, ఒక చెక్క చేతిలో పెట్టి "చూపించు" అన్నాడు. ఈ దేశంలో నన్ను అలా అడిగింది ఆయనొక్కడే. మిగతా అందరూ లైసెన్సు అడిగారు.

నవంబర్ 23న మొదటిసారి ఎగరేస్తారు. ఇంజన్లు సిద్ధం. రెక్కకి గుడ్డ వేసి రంగు కొట్టాలి. అంతే.

ఒళ్ళు అలిసిపోయింది. ఇంతకన్నా రాయలేను.

నీ తమ్ముడు
తోమాసు


స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్
బ్రిస్బేన్, జూలై 3

ఒరేయ్ తోమాసూ,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ప్రభువుకి స్తోత్రం అని ఒక్క ముక్క లేదు, సంఘపెద్దవి ఎలా అయ్యావురా నువ్వు?

నా సంగతి ఏముంది. నర్సు ఉద్యోగం మానేశాక కాస్త కూచుంటాను అనుకున్నాను. సెరీనా షిఫ్టులకి పోతే వంట నేను, ఉతుకు నేను, మనవడు నోవాని స్కూల్నించి తెచ్చేది నేను. వాడికి తెలుగులో చెప్తాను, వాడు ఇంగ్లీషులో అంటాడు, నాకు రెండూ సగమే వినపడతాయి. అన్ని పనులూ చేసే విమానం అని అంత గొప్పగా రాశావు గానీ, ఆ లెక్కన నేనూ మస్కిటోనే. నాకెవరూ షెడ్డు కట్టలేదు.

అసలు విషయానికొస్తాను. రెండో పేజీ కింద రెండు లైన్లు బరబరా కొట్టేశావు. చిన్నప్పట్నుంచీ అంతే, నీకు దాచడం రాదు. కాగితం కిటికీ అద్దానికి ఆనించి చదివాను. "ఎలీషా వాళ్ళమ్మ ఆదరణ కూటమి రోజు వేసిన అతుకు" అన్నంత వరకు తెలిసింది. తర్వాత "నిద్ర" అని ఉంది. ఏం అతుకు? నిద్రెందుకు పట్టడం లేదు? ముప్ఫై ఏళ్ళు వార్డులో చేశాను, ఏం లేదండీ బానే ఉన్నాను అనేవాళ్ళ మొహాలు బోలెడు చూశాను.

నాకు చెప్పు. నేనెవరికి చెప్తాను, నాకు ఫోనే వినపడదు కదా.

అక్క
అమృతం


హారిసన్
జూలై 14

అక్కా,

చెప్తాను. చెప్పకపోతే ఇది నన్ను తినేసేలా ఉంది.

రెక్క లోపల ఈ కొస నుంచి ఆ కొసకి ఒక దూలం ఉంటుంది. మొత్తం బరువు దాని మీదే. ఎడమ పక్క ఒకచోట పాతది కుళ్ళితే కోసేసి, కొత్త చెక్క అతికించాను. అది మే 25 శనివారం. ఇప్పుడు పాల జిగురు వాడరు, రెండు డబ్బాలు కలిపే రకం. అది గట్టిపడాలంటే ఒక రోజంతా వేడి ఇరవైకి తగ్గకూడదు. ఇక్కడి చలి నీకు తెలుసు. అందుకని అతుకు చుట్టూ దుప్పట్లతో డేరా కట్టి, లోపల హీటర్ పెడతాం. పక్కన ఒక షీటు ఉంటుంది, గంటకో గడి. గంటగంటకీ థర్మామీటర్ చూసి ఎంతుందో రాయాలి. నేను వేసిన అతుకు, నేనే కాపలా.

ఆ రోజే మా సంఘంలో కుర్రాడు ఎలీషా వాళ్ళమ్మ పోయినందుకు పెట్టిన ఆదరణ కూటమి, క్వీన్‌బియన్‌లో. సంఘపెద్దని, పోకపోతే బాగుండదు. గంటలో వచ్చేద్దామని వెళ్ళాను. అక్కడ ప్రార్థన నన్నే చెయ్యమన్నారు. తర్వాత వడ్డించేవాళ్ళు లేరు. ఆ పిల్లాడు నా చెయ్యి పట్టుకుని ఏడుస్తుంటే వదిలిరాలేకపోయాను. ఇంటికెళ్ళి పడ్డాను. మర్నాడు చర్చి అయ్యాక షెడ్డుకి వెళ్తే ఫ్యూజు పోయి హీటర్ ఆగిపోయి ఉంది. ఎప్పుడు ఆగిందో తెలీదు. లోపల నాలుగు డిగ్రీలు.

ఫ్యూజు వేశాను. వేడెక్కాక నాన్నలాగే వేలు మడిచి కొట్టి విన్నాను. పడవ పలక అతుక్కుందో లేదో నాన్న అలాగే కదా చెప్పేవాడు, ఒక్కసారీ తప్పలేదు. ఖణ్ మంది. చాలనుకున్నాను. షీటు తీసుకుని గడులన్నిటిలో ఇరవై, ఇరవై ఒకటి, ఇరవై అని నింపేశాను. లైసెన్సున్న ఇంజనీరు ఆ షీటు చూసి సంతకం పెట్టాడు.

పడవలో నాన్న వాడింది మేకులు, గుడ్డ, గుగ్గిలం. ఇది జిగురు. జిగురు సంగతి వేలుకి ఏం తెలుస్తుంది. ఆ బుద్ధి నాకు వారం తర్వాత వచ్చింది.

ఇప్పుడు చెప్తే నవంబర్ ఉండదు. రెక్క విప్పాలి. ఏడాది పైనే. కాలిన్ గుండెకి రెండుసార్లు స్టెంటు వేశారు. ఏం చెయ్యమంటావు?

తోమాసు


స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్
ఆగస్టు 1

తమ్ముడూ,

నువ్వడిగావు కాబట్టి చెప్తున్నాను. ఊరుకో.

నాన్న చెవి అబద్ధం చెప్పలేదు ఎప్పుడూ. అది అతుక్కునే ఉంటుంది. ఫ్యూజు తెల్లారాక పోయిందేమో, నీకేం తెలుసు. ఎనభై ఎనిమిదేళ్ళ మనిషికి ఏడాది ఆగమని చెప్పడం అంటే ఏంటో నేను చూశాను. వచ్చే క్రిస్మస్‌కి అనేవాళ్ళు, ఈస్టర్‌కే పోయేవాళ్ళు. నువ్వు నిజం చెప్పి తేలికపడతావు, ఆ బరువు ఆయన మొయ్యాలి. అది మంచితనమా?

అందరం అలిసిపోయి ఉన్నాం తోమాసూ. ప్రతి తప్పునీ తవ్వుకుంటూ కూచుంటే ఎవరం బతకలేం. ప్రార్థన చేసుకో, పడుకో.

ఇక్కడ చలి తగ్గింది. మోకాలు నొప్పి తగ్గలేదు.

అమృతం


హారిసన్
సెప్టెంబర్ 8

అక్కా,

నెల రోజులు నీ మాటే విన్నాను. పడుకోలేకపోయాను.

ఇంకొకటి నీకు చెప్పలేదు. జిగురు కలిపినప్పుడల్లా అదే జిగురుతో రెండు చిన్న చెక్కలు కూడా అతికిస్తాం. ఆ ముక్కని అతుకు పక్కనే, అదే డేరాలో పెడతాం. వారం తర్వాత దాన్ని విరగ్గొట్టాలి. చెక్క చీలితే జిగురు గట్టిదన్నట్టు. చెక్కకేం కాకుండా అతుకు దగ్గర ఊడొస్తే జిగురు పట్టలేదన్నట్టు. నేను విరగ్గొట్టలేదు. "చెక్క చీలింది" అని షీటులో రాసి, ముక్క జేబులో వేసుకుని ఇంటికి తెచ్చేశాను. మీద తేదీ కూడా ఉంది. సాక్ష్యాన్ని జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను, ఆదివారం చర్చిలో ప్రభువు బల్ల దగ్గర రొట్టె విరిచి ఇస్తున్నాను.

పోయిన శనివారం పైలట్ వచ్చింది. జోడీ అని, నలభై ఉంటాయి. ఇద్దరు ఆడపిల్లల్ని తీసుకొచ్చింది, చిన్నదానికి ముందుపళ్ళు లేవు. జోడీ రెక్క కింద పడుకుని ప్రతి బోల్టూ చూసింది. నాతో అంది, "ఎడమ పక్క నీ పనేనట కదా, చాలా నీట్‌గా ఉంది మేట్" అని. థాంక్స్ అన్నానక్కా. థాంక్స్ అని, వాళ్ళకి టీ పెట్టాను.

యుద్ధంలో ఈ విమానాలు మన దేశం కూడా వచ్చాయని కాలిన్ చెప్పాడు. మన ఎండకీ చెమ్మకీ కొన్నిటికి అతుకులు వదిలేసి గాల్లోనే రెక్కలు ఊడాయట. తప్పు వాతావరణానిదా, చేసినవాళ్ళదా అని వాదించుకున్నారట. ఆయన మామూలుగా చెప్పాడు. నేను బయటికెళ్ళి బస్సు షిఫ్టుందని అబద్ధమాడి వచ్చేశాను.

ఊరుకోమన్నావు. జోడీని చూశాక కూడా అదే అంటావా?

తోమాసు


స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్
సెప్టెంబర్ 19

తోమాసూ,

అనను.

ఈ ఉత్తరం చదివాక చింపెయ్యి. లేదా ఉంచుకో, నాకిప్పుడు భయం పోయింది.

పందొమ్మిదేళ్ళ కిందట, అప్పుడు నేను చేసే వృద్ధాశ్రమంలో, మనుషులు చాలక నేనొక్కదాన్నే పదహారు మందిని చూస్తున్నాను. మధ్యాహ్నం రెండింటికి అందరికీ బీపీ, టెంపరేచర్, నాడి చూసి రాయాలి. తొమ్మిదో గదిలో ఒక పెద్దాయన. పొద్దున చూసినప్పుడు బానే ఉన్నాడు. గుమ్మంలోంచి చూస్తే నిద్రపోతున్నాడు. లోపలికి వెళ్ళలేదు. పొద్దుటి అంకెలే అటూ ఇటూ మార్చి రాశాను, నూట ముప్ఫై, ఎనభై, ముప్ఫయ్యారున్నర. మూడింటికి ఆయన కూతురొచ్చి ముట్టుకుంటే చల్లగా ఉన్నాడు. నేను రెండింటికి ప్రాణం ఉందని రాశాను. డాక్టరు నా అంకెలు చూసి, పాపం ఒక్కసారిగా పోయాడు అన్నాడు. ఆ కూతురు నన్ను కావలించుకుని, మా నాన్నని బాగా చూశావు అంది. నేనూ థాంక్స్ అన్నాను.

నేను లోపలికెళ్తే బతికేవాడా అంటే తెలీదు. నాకు తెలీనిది అదే. ఎప్పటికీ తెలీదు. నీకు ఊరుకో అని రాసింది కాలిన్ మీద జాలితో కాదు. నువ్వు చెప్పేస్తే నేనొక్కదాన్నే మిగిలిపోతానని.

నీ పైలట్ ఇంకా బతికుంది. ఆ ముక్క విరగ్గొట్టు. ఏదైతే అది కాలిన్‌కి చెప్పు. చర్చిలో వాళ్ళకి కాదు, నాక్కాదు, ఆయనకి.

అక్క


హారిసన్
అక్టోబర్ 13

అక్కా,

నీ ఉత్తరం చింపలేదు. బైబిల్లో పెట్టాను.

ముక్కని గరాజు బల్లకున్న ఇనుప బిగింపులో పెట్టి సుత్తితో ఒక్కటి వేశాను. ఊడొచ్చింది. చెక్క మీద గీత కూడా పడలేదు. రెండు ముఖాలూ నున్నగా, జిగురు గాజులా మెరుస్తూ.

మర్నాడు షెడ్డుకి వెళ్ళి కాలిన్ ముందు పెట్టి మొత్తం చెప్పాను. కూటమి, ఫ్యూజు, గడులు, అన్నీ. ఆయన కళ్ళద్దాలు వెతుక్కుని పెట్టుకుని, రెండు ముక్కల మీదా బొటనవేలు రాశాడు. తర్వాత అడిగాడు, "ఇలాంటివి ఇంకెన్ని?"

ఒక్కటే అన్నాను. "ఖాయమా?" ఖాయం అన్నాను. అప్పుడు ఆయన కోపం లేకుండానే అన్నాడు, "టామ్, ఈ షీటు రాసిన చెయ్యే మిగతా షీట్లూ రాసింది. ఇప్పుడు నువ్వు ఖాయం అంటే దాన్ని నేనేం చేసుకోను?"

ఆ రెక్కలో నేను వేసినవి పదకొండు అతుకులు. పది నిజంగా బావున్నాయి, ప్రభువు సాక్షిగా బావున్నాయి. పదకొండూ విప్పాలి.

"టీ తాగి మొదలెడదాం" అన్నాడు. నన్ను వెళ్ళిపొమ్మంటాడనుకున్నాను. అనలేదు, అదే ఎక్కువ నొప్పేసింది. ఇంజనీరుకి ఆయనే ఫోన్ చేశాడు. జోడీ ఫోన్‌లో నాతో ఒకే మాట అంది, "చెప్పినందుకు సరే" అని. థాంక్స్ అనలేదు. మాతో పనిచేసే ఇద్దరు పెద్దవాళ్ళు మాత్రం సామాన్లు సర్దుకుని వెళ్ళిపోయారు. వాళ్ళూ తలా ఆరేళ్ళు దీంట్లో పోశారు, నేనేం అనగలను. వెళ్ళేటప్పుడు ఒకాయన నాతో చెయ్యి కలపలేదు.

కొత్త రూలు పెట్టాడు కాలిన్. అతుకు వేసినవాడు షీటు రాయకూడదు, వేరే మనిషి రాయాలి. వాళ్ళమ్మ పక్కన కూడా అలా ఒకావిడ నిలబడేదట. ఒక్క గడి ఖాళీగా ఉన్నా అతుకు లేనట్టే, విప్పెయ్యాలి. రూలు బావుంది. రాసే మనిషే లేడు. కాలిన్ గంటకోసారి లేవలేడు.

తోమాసు


స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్
అక్టోబర్ 27

తమ్ముడూ,

ముప్ఫై ఏళ్ళు గంటగంటకీ టెంపరేచర్ రాసినదాన్ని నేను. ఒక్కటే దొంగ రాత. చలికాలంలో అతుకులు మళ్ళీ వేసేటప్పుడు కబురు చెయ్యి, వస్తాను. నోవా సంగతి సెరీనా చూసుకుంటుంది. దానికి చెప్పాను, ఇన్నాళ్ళకి మొదటిసారిగా నా మాట కాదనలేదు.

థర్మామీటర్ చూడ్డానికి చెవులక్కర్లేదు కదా. నా గురించి కాలిన్‌కి మొత్తం చెప్పు, తొమ్మిదో గదితో సహా. ఆయన వద్దంటే రాను.

అమృతం


షెడ్డు
2025 మే 17, శనివారం, సాయంత్రం

తోమాసూ,

నువ్వు బస్సు షిఫ్టు నుంచి ఇక్కడికి వచ్చేసరికి నేను ఇంట్లో ఉంటాను, ఎలీషా వచ్చి తీసుకెళ్తానన్నాడు. రాత్రి కాపలా కూడా అతనే చూస్తాడట. అందుకని వార్డులోలాగా రాసిపెడుతున్నాను.

ఏడో అతుకు. పొద్దున ఏడింటికి క్లాంపులు బిగించావు. ఎనిమిదికి 21. తొమ్మిదికి 21. పదికి 20. పదకొండుకి హీటర్ కొంచెం దగ్గరికి జరిపాను, 22. పన్నెండుకి 21. ఒంటిగంటకి 21. రెండింటికి 21.

మూడింటికి చూడలేదు. డేరా వెచ్చగా ఉంటే కుర్చీలో కునుకు పట్టేసింది. మోగేది పెట్టుకున్నా నాకు వినపడదని తెలిసీ కూచున్నాను, నిలబడాల్సింది. లేచేసరికి నాలుగూ ఐదు. అప్పుడు 20 ఉంది. హీటర్ నడుస్తూనే ఉంది. మధ్యలో ఏమైందో నాకు తెలీదు.

పెన్ను ఆ గడి మీద పెట్టాను తోమాసూ. నీకు చెప్పక తప్పదు, పెట్టాను. రెండుకి 21, నాలుక్కి 20, మధ్యలో ఎంతుంటుందో ఎవరికైనా తెలుసు. చెయ్యి దానంతటదే రాసేలా ఉంది. తీసేశాను. గడి ఖాళీగా ఉంది.

నీకు నాలుగు రోజుల పని పాడుచేశాను. ఐదుకి 20. వీపు పట్టేసింది. అన్నం, చేపల పులుసు ఫ్రిజ్‌లో పెడతాను, వేడి చేసుకో.

అక్క


అదే కాగితం వెనక

అక్కా, నువ్వు పడుకున్నావని లేపలేదు. ఇది నీ కళ్ళద్దాల కింద పెడుతున్నాను.

విప్పేశాను. ఇంకా పూర్తిగా బిగియలేదు, వేడి కత్తికి వచ్చేసింది. చెక్క పాడవలేదు.

తర్వాత గౌల్‌బర్న్‌లో కాలిన్ ఉంటున్న హోమ్‌కి వెళ్ళి షీటు చూపించాను. ఇప్పుడు మంచం దిగడం లేదాయన. ఈ విమానం ఎగరడం ఆయన చూడ్డు, ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. షీటు దగ్గరగా పెట్టుకుని ఒక్కో గడి మీదా వేలు పెట్టుకుంటూ వచ్చి, మూడు దగ్గర ఆగాడు. అక్కడే వేలుంచి, "ఇప్పుడు మిగతావన్నీ నమ్ముతాను" అన్నాడు. కాసేపటికి కళ్ళు మూసుకుని, ఆవిడ్ని బ్రిస్బేన్ పంపించెయ్యకు అన్నాడు.

రేపు చర్చి అయ్యాక మళ్ళీ అతికిద్దాం. ఈసారి నీకు కుర్చీ ఇవ్వను.

తోమాసు